సంజీవరావు కుడిచెయ్యి

"దేవుడు పడేసిన చెయ్యి. లేపడానికి మనమెవరం?" అంది ఆదెమ్మ, నాలుగోసారి.

"ఉద్యోగం పోతే పిల్లలకి అన్నం ఎక్కడిది అత్తయ్యా?" అంది రెబ్కా.

పొద్దుటి నుంచీ ఇదే గొడవ. పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. సంజీవరావుకి మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. జూన్‌లో బడి తెరిచేనాటికి బోర్డు మీద రాయలేకపోతే మేష్టరు ఉద్యోగం వేరొకరికి ఇవ్వాల్సివస్తుందని హెడ్‌మాస్టరు ఉత్తరం రాశాడు. అప్పుడే మే పదకొండు.

ఇక మందులతో పని లేదు, ఆక్యుపేషనల్ థెరపిస్టుకి చూపించమన్నాడు గుంటూరు డాక్టరు. అన్నం కలపడం, బొత్తాం పెట్టుకోవడం, సుద్దముక్క పట్టుకోవడం, ఇలా చేతికి దాని పనులు మళ్ళీ నేర్పే మనిషట. చీరాలలో ఆ పేరు విన్నవాళ్ళే లేరు. మందులషాపు ఉస్మాన్ కాసేపు ఆలోచించి, ఆక్యుపేషన్ అంటే ఉద్యోగమే కాబట్టి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో అడగమన్నాడు. రెబ్కా అక్కడికీ వెళ్ళింది. గుమస్తా నవ్వకుండా ఫారం ఇచ్చాడు.

చివరికి పాస్టరమ్మ చెప్పింది. రాయవెల్లూరులో ఆ చదువే చదివిన బాలసరస్వతి అనే ఆవిడ నెలనెలా రెండో శనివారం గుంటూరు పాసింజరులో ఇక్కడి కుష్ఠు ఆసుపత్రికి వస్తుందట. రెబ్కా ఆ వివరాలు రాసుకున్న కాగితం మర్నాడు పొయ్యిలో సగం కాలి దొరికింది. ఆదెమ్మ పొయ్యి వైపు చూడలేదు, కోడలి వైపూ చూడలేదు.

కొడుకు బాగుపడుతుంటే ఓర్వలేని తల్లిని ఎక్కడా చూడలేదని ఆమె పెద్దకొడుకు ఇమ్మానియేలు మండిపడ్డాడు. ఆదెమ్మ అన్నం కలుపుతూనే ఉంది. సంజీవరావుకి మూడు పూటలా తనే తినిపిస్తోంది. కోడల్ని అతని మంచం దాపులకి రానివ్వడం లేదు.

ఇవాళ ఇమ్మానియేలు స్టేషనుకి వెళ్ళి బాలసరస్వతిని రిక్షాలో ఇంటికే తీసుకొచ్చాడు. అందరూ వసారాలో చేరారు. ఆవిడ సుద్దముక్కకి గుడ్డ చుట్టి సంజీవరావు వేళ్ళ మధ్య పెట్టింది. జారిపడింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడింది. నాలుగోసారికి పలక మీద ఒక వంకర గీత పడింది.

"ఇప్పుడు గుప్పిట బిగించండి మాష్టారూ."

వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. బొటనవేలు చివర్న వచ్చి వాటి మీద కూర్చుంది.

"బలం ఎక్కడికీ పోలేదమ్మా. రోజూ చేయిస్తే జూన్‌కల్లా ఎప్పటిలాగే అవుతుంది" అంది బాలసరస్వతి.

ఇమ్మానియేలు ప్రభువుకి స్తోత్రం చెప్పాడు. పిల్లలు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నారు. సంజీవరావు నవ్వుతూ గుప్పిట ఇంకాస్త పైకెత్తాడు. రెబ్కా ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆదెమ్మ చాప మీంచి లేచింది. అందరి ముఖాలూ ఒకసారి చూసింది. గొంతు పెంచలేదు.

"వాడి ఉద్యోగం వాణ్ణి చేసుకోనీండి, నేను మాత్రం ఈ సాయంత్రమే కోడల్నీ పిల్లల్నీ తీసుకుని పేరాలలో మా చెల్లెలింటికి పోతున్నా, పెళ్ళయిన పన్నెండేళ్ళలో అది దెబ్బ తినకుండా బతికింది ఈ ఏడు నెలలే."