తప్పిన పోగు

శుక్రవారం మధ్యాహ్నం అయితే చాలు, ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో వహీదా బీ ఇంటి వసారా నిండిపోయేది. నిండటమంటే ముగ్గురే. వహీదా బీ, ఉచ్చీరమ్మ, సంతోషమ్మ. ముగ్గురి మధ్యలో ఒక బొంత.

వారమంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లకు ఆ రెండు గంటలే పండగ. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే చిన్నప్ప ఊళ్లు తిరిగొచ్చి, పనికిరాని పేలికలన్నీ వాళ్ల ముందు గుమ్మరించేవాడు. వహీదా బీ ముక్కలు కత్తిరించేది. ఉచ్చీరమ్మ సూదిలో దారం ఎక్కక సూదిని తిట్టేది. సంతోషమ్మ కుడుతూ కబుర్లు చెప్పేది.

ఆమె కబుర్లన్నీ ప్రయాణాలే. మొగుడు లక్ష్మన్నతో తిరిగిన ఊళ్లు. డెబ్బై రెండు కరువులో అతను ఉరుకుంద తిరునాళ్లకని బస్సెక్కినాడట. మళ్లీ రాలేదు. ఏడేళ్లు దాటింది. ఆమె బొట్టు చెరపలేదు, తాళి తీయలేదు. మనిషి ఉన్నాడా, లేడా? ఈ ఒక్క సంగతి తేలితే చాలని ఉచ్చీరమ్మ ఈరన్నస్వామికి, వహీదా బీ దర్గాకు మొక్కుకుని ఉన్నారు.

"మంత్రాలయం బస్సులో నా చెయ్యి వదిల్తే ఒట్టు," అనేది సంతోషమ్మ. "దిగేతలికి గాజులన్నీ పగిలిపోయినాయి."

"మొగుడంటే అట్లుండాల," అనేది ఉచ్చీరమ్మ.

"బళ్లారిలో నన్ను సత్రం గదిలో పెట్టి, బయట బీగమేసుకొని సినిమాకు పోయినాడు. నన్ను ఎవురన్నా సూస్తారని."

"అంత పేమ మా సాబుకు యాడుంది!" వహీదా బీ మూతి తిప్పేది. "నేను వారం దినాలు కనపడకపోయినా అడగడు."

వినేవాళ్లిద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. చెప్పే మనిషి నవ్వగా ఎవరూ చూడలేదు.

ఒక్కోసారి హాలహర్విలోని పుట్టింటి మాట వచ్చేది. తల్లి పోయాక ఆ ఇంటికి తాళమే. వాకిట్లో రెండు నల్లరాతి అరుగులు. నడింట్లో బండ కింద జొన్నల పాతర. నిచ్చెన వేసుకుని దిగేంత లోతు.

"మూత తీసిన పొద్దు ఎవురూ దిగకూడదు," అని చెప్పేది సంతోషమ్మ. "లోపలి గాలి మనిషిని మింగేస్తుంది. ముందు దీపం దించాల. అది ఆరిపోతే ఇంకో దినం ఆగాల."

"యా అల్లా! నాకు తెల్దు తల్లీ," అని గుండె మీద చెయ్యి వేసుకునేది వహీదా బీ.

"మా ఆయనకూ తెల్దు. మగ్గాలోళ్ల బిడ్డ గదా, పాతర యాడ సూసినాడు?" అని దారం కొరికేది సంతోషమ్మ.

ఊరు విడిచిన పొద్దు లక్ష్మన్న కట్టుకున్న పంచె ఆమె నేసిందే. పచ్చని అంచులో ఒక ఎర్రపోగు దారి తప్పి పడింది. ఆమె చేతిలో అలాంటి తప్పు అదొక్కటే. అది చూసి మొగుడు ఏమన్నాడని అడిగితే దవడ తడుముకునేది.

ఆ శుక్రవారం బొంతకు చివరి మూల మిగిలింది. బొంతకూ కడుపుంటుందని, దాన్ని పస్తు పెట్టకూడదని, ఆఖరి మూలలో పిడికెడు జొన్నలు పోసి కుట్టెయ్యడం వాళ్ల ఆనవాయితీ. సంతోషమ్మ గుప్పిట్లో జొన్నలు పట్టుకుని కూర్చుంది. చిన్నప్ప వచ్చి మూట విప్పాడు.

మన్ను పట్టి బిరుసెక్కిన పేలిక ఒకటి జారిపడింది. వహీదా బీ దాన్ని దులిపింది. పచ్చని అంచు. అందులో ఒక ఎర్రపోగు.

ఉచ్చీరమ్మ చేతిలో సూది కింద పడింది. "సంతోషమ్మా, ఇది నీ నేత గదా!"

సంతోషమ్మ జొన్నల గుప్పిట బిగించింది.

"యాడిదప్పా ఇది?" అని చిన్నప్పను నిలేసింది ఉచ్చీరమ్మ.

"హాలహర్విలోదక్కా. దాయాదులు పాతిల్లు ఒకటి అమ్మినారంట. కొన్నాయన పడగొట్టి పునాది తీపిస్తాండాడు. కూలోళ్లు దీన్ని గడ్డపారకు చుట్టుకోనుండిరి. అంచు బాగుందని అడిగి తెచ్చినా."

"ఏ ఇల్లు?"

"ముందర రెండు నల్లరాతి అరుగులు ఉండాయి సూడు, ఆ ఇల్లు."

వహీదా బీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ పుట్టిల్లే సంతోషమ్మా! ఉండాడు, నీ మొగుడు ఆ ఊర్లోనే ఉండాడు!"

ఉచ్చీరమ్మకు మాత్రం ఒళ్లు మండిపోయింది. "ఆ కూలోళ్లలోనే ఉంటాడు సచ్చినోడు! ఏడేండ్లు దీన్ని ఏడిపించి, ఆడ మన్ను మోస్తాండాడా? రేపు మొదటి బస్సుకే పోదాం. జుట్టు పట్టి ఈడ్చుకొస్తా!"

వహీదా బీ సంతోషమ్మను వాటేసుకుంది. ఒళ్లు వణుకుతోంది. పాపం, సంతోషం పట్టలేకపోతోందనుకుని వీపు నిమిరింది.

సంతోషమ్మ గుప్పిట సడలి జొన్నలు బొంత మీద జలజలా రాలాయి. ఆమె పేలిక వైపు చూడలేదు. ఇద్దరు ఆడవాళ్లనూ దాటుకుని చిన్నప్ప ముఖంలోకి చూసింది. మెల్లగా అడిగింది.

"పాతరలో ఈ పంచె ఒక్కటే దొరికిందా, చిన్నప్పా?"