ఆల్ఫియో పొలం

“తియ్యరా ఆ గొలుసు!”

“తియ్యను. ఏం చేస్తావో చేసుకో, పో.”

గేటుకు ఇటు కాళ్ల ఆల్ఫియో, అటు గంధకం ఆల్ఫియో. నడుమ తాళం వేసిన ఇనుప గొలుసు. కాళ్ల ఆల్ఫియో వెనక ఉత్తరాది ఊళ్లనుంచి వచ్చిన నడక బృందం, వీపున సంచులతో, చేత కర్రలతో, ఏం చేయాలో తోచక నిలబడిపోయింది. ఆ గేటు దాటితే రోమన్లు పరిచిన నల్లరాతి బాట. దాని చివర వాళ్లే కట్టి వదిలిన స్నానశాల, ఇప్పుడు కప్పు లేని నాలుగు కమానులు. బాటకు కుడివైపూ ఎడమవైపూ కొండ కక్కిన లావాయే. కొడవళ్లలా పైకి లేచిన ఆ రాళ్లమీద మేకలు కూడా కాలు మోపవు. ఉన్నది ఒక్కటే దారి. అది మూతపడితే, వచ్చినవాళ్లను ఆ దారిన నడిపించి పొట్ట పోసుకునే కాళ్ల ఆల్ఫియో బతుకు కూడా మూతపడినట్టే.

“నీ జనం నా ద్రాక్షతీగలు తొక్కుతారు. పండు కనిపిస్తే తెంపుతారు. ఇకమీదట ఒక్కడు రాకూడదు. పొలం నాది!” అన్నాడు గంధకం.

“నీదెప్పుడైందిరా? తాత పోయి నెల తిరగలేదు. సమాధి మీద పూలైనా వాడలేదు. అప్పుడే గొలుసు పట్టుకొచ్చావు, సిగ్గు లేదూ?”

“తాత కన్ను మూస్తూ ఏమన్నాడు? ‘రాతిబాట పొలం ఆల్ఫియోది’ అన్నాడా, లేదా?”

“అన్నాడు.”

“నా పేరేంటి?”

“మరి నా పేరేంట్రా, గాడిదా?”

ఆ ఇంట మొదటి మగబిడ్డకు తాత పేరు పెట్టి తీరాలి. తాతకు ముగ్గురు కొడుకులు. ముగ్గురికీ తొలి చూలు మగపిల్లలే. ఆ విధంగా ఒకే పేరుతో, ఒకే ఇంటిపేరుతో ముగ్గురు మనవలు పెరిగారు. పిలవలేక విసిగిన ఊరు, నడిచేవాడికి కాళ్లనీ, మండేవాడికి గంధకమనీ, మేకలు కాసేవాడికి మేకలనీ పేరు ముందు మారుపేర్లు తగిలించింది.

ఆ మేకల ఆల్ఫియో ఈలోగా మంద గంటల చప్పుడుతో రానే వచ్చాడు.

“ఏం గోలరా ఇది? నా పొలం గేటుకు గొలుసేసిన మగాడెవడు?”

“నీ పొలమా?” అన్నారు ఇద్దరూ.

“కాక? తాత నా కళ్లలోకి చూసి మరీ అన్నాడు. పొలం ఆల్ఫియోది అని.”

“నీ కళ్లలోకా? నీ వంక ఎవరు చూస్తార్రా, మేకల కంపుగొట్టు మొహమా! చూసింది నన్ను” అన్నాడు గంధకం.

కాళ్ల ఆల్ఫియోకు ఒళ్లు భగ్గుమంది. ఆ చూపు అతనికి ఇంకా గుర్తే. ఆరిపోతూ ఆరిపోతూ ఒక్కసారి వెలిగిన చూపు. ఆ చూపు తనమీదే ఆగింది. ఈ బాటమీద తాత వేలు పట్టుకొని నడిచినవాడు తాను. ఏ రాయి కదులుతుందో, వానలో ఏ రాయి జారుతుందో తాత నోట విన్నవాడు తాను. చచ్చేటప్పుడు ఆయన ఇంకెవరిని చూస్తాడు?

బృందంలోని బ్రూనెల్లా అనే పెద్దావిడ టోపీ తీసి మెల్లగా అడిగింది.

“బాబూ, ఇంతకూ ఈ పొలం ఎవరిది?”

“ఆల్ఫియోది!”

మూడు గొంతులూ ఒక్కటై అరిచాయి. ఆవిడ టోపీ మళ్లీ పెట్టుకొని రెండడుగులు వెనక్కి వేసింది.

“దొంగ సచ్చినోళ్లు, ఇద్దరూ దొంగలే!” కాళ్ల ఆల్ఫియో వంగి ఒక లావారాయి ఎత్తాడు. తాళం మీద ఒక్క దెబ్బ. నిప్పురవ్వలు లేచాయి, తాళం ఊడలేదు. గంధకం గేటు మీదినుంచి చెయ్యి చాచి అతని చొక్కా పట్టాడు. విడిపిస్తానని వచ్చిన మేకల ఆల్ఫియో ఇద్దరినీ చెరొక గుద్దు గుద్దాడు. బొత్తాలు తెగాయి. పెదవి చిట్లింది. మేకలు బెదిరి చెల్లాచెదురయ్యాయి.

“ఆపండ్రా, వెధవల్లారా!”

చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తాత పోయిననాటినుంచి గడప దాటని నాన్నమ్మ వెనెరా, తలమీద నల్ల శాలువతో, బాట మలుపులో నిలబడి ఉంది.

“ఇంట్లో తలుపులేసుకుని ఏడ్చుకుంటున్నా వినబడుతున్నాయి మీ కూతలు. పరాయి జనం ముందు తాతను బజారుకీడుస్తారా?”

“నువ్వే తీర్పు చెప్పు నాన్నమ్మా,” కాళ్ల ఆల్ఫియో నెత్తురు తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు. “తాత తలాపున కూర్చున్నది నువ్వు. పొలం ఆల్ఫియోదని అన్నాడా, లేదా?”

“అన్నాడు. నా చెవులతో విన్నాను.”

“అంటూ నన్ను చూశాడా, లేదా?”

“నన్ను!” అన్నాడు గంధకం.

“నన్ను నాన్నమ్మా!” అన్నాడు మేకల ఆల్ఫియో.

ముసలామె ముగ్గురినీ ఒకరి తరవాత ఒకరిని ఎగాదిగా చూసింది. 

“మంచానికి కాళ్లవైపు వరసగా నిలబడ్డారు కదరా, ఒక్కడైనా వెనక్కి తిరిగి చూశాడా? ఆయన చూసింది మీ తలల మీదుగా, గోడమీది పటాన్ని. మీ తాతకు ఏ పునీతుడి పేరు పెట్టారో, ఆ ఆల్ఫియోను! పొలం ఇచ్చింది ఆయనకు, మీకు కాదు!”