అనుభవానికి మార్కులు

“లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. మీరు మొట్టమొదట ఏం చేస్తారు?” అని అడిగాడు ఎగ్జామినర్, చేతిలోని కాగితం మీంచి తల ఎత్తకుండా.

ఎదుటి కుర్చీలో కూర్చున్నవాడికి లిఫ్టు గురించి తెలిసిందల్లా ఏ బటన్ నొక్కితే ఏ అంతస్తు వస్తుందన్నది మాత్రమే. వాడు చెప్పుల షాపులో సేల్స్‌మన్. లిఫ్టు మెకానిక్ వాడి బావ. ఈ కుర్చీలో కూర్చోవలసినవాడూ ఆ బావే.

పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రాలు చదువుకునేవాళ్లకు యూనివర్సిటీ ఒక వెసులుబాటు ఇచ్చింది. చేస్తున్న పనిలో అనుభవం ఉందని నోటితో చెప్పి ఒప్పిస్తే, డిగ్రీకి తక్కువపడిన క్రెడిట్లు కలుపుతారు. అవి కలిస్తే బావకు డిగ్రీ చేతికొచ్చినట్టే, దాంతోపాటు కంపెనీలో సూపర్‌వైజర్ కుర్చీ కూడా. పనిలో బావకు వంక పెట్టలేం. నోరే మొరాయిస్తుంది. పెద్దమనిషి ఎవరైనా ఎదురుగా కూర్చుని ప్రశ్న వేస్తే చాలు, సొంత పేరు కూడా ఆయన గొంతు దాటదు. పోయినసారి ఇదే గదిలో మంచినీళ్లు తాగి, నమస్కారం పెట్టి వచ్చేశాడు. అందుకే అక్క ఈసారి తమ్ముణ్ణి పట్టుకుంది.

“ఊరికే చూసిపోదామని వచ్చినవాడి చేత కూడా రెండు జతలు కొనిపిస్తావు. మీ బావ కోసం ఆ మాత్రం మాట్లాడలేవురా?”

దొరికిపోతే బావ పేరు కొట్టేస్తారు. ఇన్నేళ్ల చదువూ మట్టిపాలవుతుంది. అది తలుచుకుని వాడు గొంతు సవరించుకున్నాడు.

“ముందు లోపలున్నవాళ్లను పలకరిస్తానండి. ‘ఒక్క నిమిషం సార్, మిమ్మల్నే చూస్తున్నాం’ అంటే మనిషి సగం చల్లబడతాడు.”

“బాగుంది,” అని ఎగ్జామినర్ టిక్కు పెట్టాడు. “తాడు తెగితే?”

“తెగేదాకా రానివ్వమండి.”

ఇంకో టిక్కు. బరువు ఎక్కువైతే ఏం చేస్తారని అడిగాడు. ఆఖరున ఎక్కినవాణ్ణి మొహమాటం లేకుండా దింపేస్తామన్నాడు. దానికీ టిక్కు పడింది. తలుపు సరిగ్గా మూసుకోకపోతేనో అంటే, సైజు మార్చి చూస్తామని నోరు జారి, తలుపు సైజేనండి అని సర్దుకున్నాడు. అదీ సరైన జవాబే అయింది.

వాడికి ధైర్యం వచ్చింది. వెనకాలే అనుమానమూ వచ్చింది. తాను ఇచ్చిన బావ గుర్తింపు కార్డు మీది ఫొటో వైపు ఈయన కన్నెత్తి చూడలేదు. ఏం చెప్పినా తల ఊపుతున్నాడు. పైగా అలవాటుకొద్దీ కాళ్ల వైపు చూస్తే, ఆయన బూట్లు రెండు సైజులు పెద్దవి. కాలు కదిపినప్పుడల్లా మడమ బయటికొస్తోంది. ఇంత చదువుకున్నాయనకు అంతేసి బూట్లు అంటగట్టిన మొనగాడు ఏ షాపువాడో అని మనసులోనే మెచ్చుకున్నాడు. తన ఒంటి మీద బావ యూనిఫాం వేలాడుతోంది కనక పైకి ఏమీ అనలేదు.

ఇంకొక్క ప్రశ్న మిగిలిందనగా అటెండరమ్మ తలుపు తోసుకుని వచ్చింది. కింద లిఫ్టు ఆగిపోయిందట, ఇద్దరు ఇరుక్కున్నారట.

“మెకానిక్ గారు ఇక్కడే ఉన్నారుగా, వేరే ఎవరికో ఫోన్ చెయ్యడం ఎందుకని వచ్చాను. రండి.”

వాడు సాకులు వెతుక్కున్నాడు. పనిముట్లు తేలేదన్నాడు. తెప్పిస్తానంది. పరీక్ష మధ్యలో లేవకూడదేమో అన్నాడు. అదీ నిజమేనంటూ ఎగ్జామినర్ గబగబా వంత పాడాడు. లోపల మనుషులు ఉక్కిరిబిక్కిరవుతుంటే పరీక్ష ఏమిటని కసిరి, అటెండరమ్మ ఇద్దర్నీ ముందుకు నడిపించింది.

మెట్లు దిగుతూ వాడు నిజంగానే భయపడ్డాడు. తనకేమైనా ఫరవాలేదు, షాపు ఎక్కడికీ పోదు. అక్కకు ఏ మొహం పెట్టుకుని కనిపించాలి? వెనకాల ఎగ్జామినర్ బూట్లు టపటపా కొట్టుకుంటూ వస్తున్నాయి.

లిఫ్టు నేలకు జానెడు ఎత్తున ఆగి ఉంది. లోపలి నుంచి ఎవరిదో గొంతు గడగడా వినిపిస్తోంది. లిఫ్టుకు కరెంటు ఆగిందని, ఒక తాడు తెగినా మిగతావి మోస్తాయని, నేలకు ఇంత దగ్గరగా ఆగితే తలుపు లోపలి నుంచే లాగొచ్చని, అయినా పని తెలియనివాళ్లు ఆ జోలికి పోకూడదని, భయపడకుండా తన భుజం పట్టుకోమని చెబుతోంది. అంత ధారాళంగా మాట్లాడేవాళ్లు వాడికి తెలిసినంతలో తాను తప్ప ఇంకెవరూ లేరు.

“చీకట్లో మీ మొహం కనిపించడం లేదు కానీ, ఎంత బాగా చెప్పారండీ,” అంది లోపలే ఇంకో బరువైన గొంతు. “ఇన్నేళ్లుగా నోటి పరీక్షలు పెడుతున్నాను, ఇలా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. మార్కులు వెయ్యాలంటే మీకే వెయ్యాలి.”

ఆ గొంతు వింటూనే ఎగ్జామినర్ వెనక్కి తిరిగి మెట్లవైపు పరుగందుకోబోయాడు. ఒక బూటు ఊడి నేల మీదే ఉండిపోయింది. అటెండరమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది.

తలుపు కిర్రుమంటూ పక్కకు జరిగింది. ముందు ఒకాయన నలిగిన ఇంటి చొక్కాతో, మసి అంటిన చేతులతో దిగాడు. ఆయన భుజం పట్టుకుని కళ్లజోడు పెద్దాయన దిగాడు, కాళ్లకు ఇంట్లో తిరిగే రబ్బరు చెప్పులు. సేల్స్‌మన్ కన్ను ఆ పెద్ద పాదాలనూ, నేల మీది బూటునూ క్షణంలో కొలిచేసింది. సరిగ్గా అదే సైజు.

సేల్స్‌మనూ ఎగ్జామినరూ చెరో మనిషి వైపు చూస్తూ, ఒకేసారి అన్నారు.

“మీరెందుకు వచ్చారు, బావా?”