రాణిగారి ఏడుపు

రాణి ఏడుస్తోంది. బిడ్డ లేని ఉయ్యాలని ఒక చేత్తో ఊపుతూ, చప్పుడు బయటికి రాకుండా గౌను చెయ్యి కొరుక్కుంటూ ఏడుస్తోంది. థేమ్స్ నది మీది పొగమంచు కప్పులేని ఆ నాటకశాలలోకి దిగి, జనం తలల మీదుగా నిద్రమత్తులో ఉన్నట్టు కదులుతోంది. గింజలు కొరికేవాళ్ళు కూడా నమలడం మరిచిపోయారు. పక్కనే గుబురు గడ్డంతో రాజుగారు నిలబడి ఉన్నారు. ఆ పాత్రకి మాటలే లేవు.

నాటకం అయిన మరుక్షణం బిషప్‌గారి అధికారి థర్స్టన్ వేషాల గదిలోకి దూసుకొచ్చాడు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"బార్నబీ, నీ బృందంలో ఆడది ఉందని కబురొచ్చింది. ఇప్పుడు కళ్ళారా చూశాను. మగాడెవడూ అలా ఏడవలేడు."

యజమాని బార్నబీ చేతులు నలుపుకున్నాడు. "ఆడవాళ్ళు నటించకూడదని చట్టంలో ఎక్కడుంది దొరా?"

"చట్టమెందుకయ్యా? ఇంతమంది మగాళ్ళ ముందు ఎగిరే ఆడదాన్ని ఊరు ఏమంటుందో నీకు తెలీదా? దొరికిందంటే దానికి కొరడాదెబ్బలు, నీ నాటకశాలకి తాళం. పావడాలు కట్టినవాళ్ళంతా ఇటు రండి."

ఇద్దరు ముందుకొచ్చారు.

దాది వేషం వేసిన ముసలాయన పెట్టుడు జుట్టు తీసి బట్టతల నిమురుకున్నాడు. "నన్ను చూసి ముచ్చటపడ్డారా దొరా?"

రాణి కూడా పెట్టుడు జుట్టు తీసింది. కింద పొట్టి క్రాపు, గొరిగిన నూనూగు మీసం. "నేను జాస్పర్‌ని దొరా. మీ బూట్లు కుట్టేది మా నాన్నే," అన్నాడు బొంగురు గొంతుతో.

థర్స్టన్ పీట మీద కూలబడ్డాడు.

"మా పసివాడు పోయినప్పుడు నా భార్య అచ్చం అలాగే, గౌను చెయ్యి కొరుక్కుంటూ ఏడ్చింది. ఆ తర్వాత నా ముందు ఏడవనూ లేదు, నవ్వనూ లేదు. రోజూ మధ్యాహ్నం చర్చికని వెళ్ళి దీపాలవేళకి వస్తుంది. నీకెవర్రా ఆ ఏడుపు నేర్పింది?"

"రాజుగారు."

థర్స్టన్ మూలన నిలబడ్డ రాజుగారి వైపు తిరిగాడు. కిరీటం కనబడగానే అలవాటు కొద్దీ చెయ్యి టోపీ మీదికి పోయింది. వేషమని తెలిసినా చెయ్యి దించలేకపోయాడు.

"మీ ఇంట్లోనూ బిడ్డ పోయిందా?"

రాజుగారు ఔనన్నట్టు తల ఊపారు. గడ్డం తడిసి ఉంది.

"ఇన్నాళ్ళకి ఇవాళ మనసారా ఏడ్చాను," అన్నాడు థర్స్టన్ లేస్తూ. "ఇంటికెళ్ళి ఆవిడ పక్కన కాసేపు కూర్చోవాలి. తను చర్చి నుంచి వచ్చేలోపే చేరాలి."

"పడవ పిలవమంటారా?" అన్నాడు బార్నబీ.

"వద్దు. నాకు నీళ్ళంటే భయం. వంతెన మీదుగా నడిచే పోతాను."

మంచు గదిలోకి కూడా వచ్చేసింది. ఎవరు మనుషులో, ఏవి కొక్కేలకి వేలాడే వేషాలో తెలియడం లేదు. థర్స్టన్ అడుగుల చప్పుడు ఆ మంచులో కలిసిపోయేదాకా ఎవరూ కదల్లేదు.

రాజుగారు గడ్డం పీకేసి, మొగుడికంటే ముందు ఇల్లు చేరాలని పడవరేవుకి పరుగెత్తింది.