గాలిబుడగ ఉండకూడదు

ఆ కాలంలో ప్రతి కాలువగట్టునా మీటరు "నీళ్లు క్షేమం" అని పలికేది. దాన్ని కాదనాలంటే కోర్టుకు మనిషి చేత్తో నింపిన నీళ్ల సీసా చూపాలి. ఆ పని చాలామందికి నేర్పిన చేపలమ్మే ఎర్రయ్యమ్మ, నేర్చుకోవడానికి కొత్తగా చేరిన బడి టీచరు సువర్చలను మందుల ఫ్యాక్టరీ తూము దగ్గరకు తీసుకొచ్చింది. అక్కడికి రావడమే నేరం.

సువర్చల తొందరగా మూత పెట్టేయడంతో సీసాలో గాలిబుడగ మిగిలింది.

"పారబోసి మల్లీ ముంచమ్మా. బుడగుంటే మందు దాంట్లోకి ఎగిరిపోతాదని జడ్జీగారు ఒప్పుకోరు."

అంతలో కాపలా డ్రోను అటు తిరిగింది.

"పరిగెడదామా?" అంది సువర్చల.

"నువ్వు నింపు. అది కదిలినోల్ల ఎనకాలే పడతాది," అంటూ ఎర్రయ్యమ్మ గట్టెక్కి దూరంగా నడిచింది. కాపలావాళ్లు ఆమెను పట్టుకుని పోలీసులకు అప్పగించారు. తూము చాటున సువర్చల ఏడుస్తూనే సీసా నింపి మూత బిగించింది.

ఎనిమిదో రోజున ఆ సీసా చూసి కోర్టు తూము మూయించింది. ఎర్రయ్యమ్మకు మాత్రం బెయిలు రాలేదు. ఆదివారం సీసా నింపడం నేర్చుకోవడానికి వచ్చిన ఐదుగురి ముందు సువర్చలే నిలబడింది.