ఎరుపు తీసేసిన ప్రింటు

“ఇంకాస్త ఎర్రగా చెయ్యండి. అచ్చం పాత సినిమాలా ఉండాలి,” అన్నాడు దర్శకుడు. పొద్దుటి నుంచీ ఇదే పాట. సినిమాకి రంగులు దిద్దే కలరిస్ట్ ఎరుపు పెంచింది. తెర మీద ఆకాశం, గడ్డి, సైకిల్ మీద వెళ్తున్న కుర్ర జంట, అంతా ఎర్రబారిపోయింది.

అది దర్శకుడి అమ్మానాన్నల కథ. అందుకే వాళ్లమ్మను తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“ఏంట్రా, వీళ్లకేమైనా వడదెబ్బ తగిలిందా?” అందామె.

“పాత సినిమాలు ఇలాగే ఉంటాయమ్మా. మొన్న చూశాంగా!”

“మొన్న చూసింది డబ్బాలో పడి రంగులు వెలిసి ఎర్రబడ్డ రీలు. అదే సినిమా మీ నాన్నా నేనూ కొత్తలో చూశాం. గడ్డి ఎంత పచ్చగా ఉందనుకున్నావ్!”

“పాతకాలమని జనానికి తెలియాలి కదమ్మా?”

ఆమె తెర మీది అమ్మాయిని చూసి నవ్వింది. “ఆ పిల్లకి తెలీదు కదరా, అది పాతకాలమని.”

దర్శకుడు కలరిస్ట్ వైపు తిరిగాడు. “ఎరుపు తీసెయ్యండి,” అన్నాడు.

గడ్డి పచ్చబడింది. ఆకాశం తేటపడింది.

ఆమె ముందుకు వంగింది. “అమ్మాయ్, ఆ అబ్బాయి చొక్కా ఇంకాస్త నీలం.”

కలరిస్ట్ మెల్లగా పెంచింది. “సరిపోయిందా?”

“ఇంకొంచెం... ఆఁ. ఇప్పుడు ఆయనే.”