అట్ట మీది ఎల్లమ్మ

“పొయ్యుండ్రి పెట్రోలు!” అని అరిచింది వజ్రమ్మ.

కోరుట్ల ఫంక్షన్ హాలు ముందు పుస్తకాల కట్టలు కుప్పగా పడి ఉన్నాయి. కథలాపూర్ నుంచి ఆటోల్లో వచ్చిన ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఒకామె చేతిలో పెట్రోలు సీసా. వజ్రమ్మ చంకలో ఆమె ఇంటి ఎల్లమ్మ పటం.

పుస్తకం అట్ట మీదా అదే ఎల్లమ్మ. లోపల ఉన్నది మాత్రం నర్సక్క అనే హిజ్రా జీవితకథ. మగపిల్లవాడిగా పుట్టి, భాగోతాల్లో ఆడవేషాలు కట్టి, చివరికి ఆడమనిషిగానే బతికిన మనిషి. ఆమె తన కథ తానే రాసుకున్న ఒకే ఒక్క పుస్తకం. ఇవాళే ఆవిష్కరణ.

“ఆగమ్మా, కంప్లైంట్ రాసుకుంటున్న కదా!” ఎస్సై శ్రీహరి అడ్డం నిలబడ్డాడు. “మీ ఆయన పేరు చెప్పు.”

వజ్రమ్మ పక్కనున్న పొరుగింటి సరితను మోచేత్తో పొడిచింది. పెళ్లయిన నాటి నుంచి మొగుడి పేరు ఆమె నోట రాలేదు. రేషన్ షాపులో అంతే, బ్యాంకులో అంతే.

“మొగిలయ్య సార్. మా గౌడ సంఘం పెద్ద,” అని సరిత అందించింది.

ఆ పెద్దమనిషి వెనకే నిలబడి పెళ్లాం కొంగు లాగుతున్నాడు. “ఊకోయే. ఇంటికి పోదాం పా. దేవుని సంగతి దేవుడే సూస్కుంటడు.”

“నీకేమైందయ్యా ఇయ్యాల?” అని కసిరింది వజ్రమ్మ.

ఇంట్లో ఆయన భక్తి ఇంతా అంతా కాదు. అందరూ కళ్లు మూసుకుని మొక్కుతారు. ఆయన పటం ముందు రెప్ప కూడా వేయడు. అలాంటి మనిషి, తీరా తల్లికి అవమానం జరిగిన రోజున పిల్లిలా అయిపోయాడు.

“తల్లి మా ఇంటికి తనంతట తానే అచ్చింది సార్,” అంది వజ్రమ్మ. “నేను కాపురానికచ్చిన కొత్తల. మా పటం జూసే మేడిపల్లోల్లు, బోయినపల్లోల్లు జగిత్యాలల కాపీలు తీపిచ్చి ఫ్రేములు కట్టిచ్చుకున్నరు. గసొంటి తల్లిని గీ పుస్తకం మీద ఏస్తరా?”

హాలు మెట్లు దిగి నర్సక్క వచ్చింది. నెరిసిన కొప్పు, రూపాయంత బొట్టు. వజ్రమ్మ చంకలోని పటాన్ని వంగి చూసింది.

“అక్కా, గది ఎల్లమ్మ కాదు. నేనే. రేణుక ఎల్లమ్మ వేషం మీద సిరిసిల్ల స్టూడియోల దిగిన.”

“నాలిక కోస్త!”

నర్సక్క తన ఎడమ చెయ్యి పైకెత్తింది. చిటికెన వేలు కొక్కెంలా వంకర.

పటంలోని తల్లి వేలూ అంతే. అది అమ్మవారి ముద్ర అని ఇన్నేళ్లుగా ఊరందరికీ చెప్పింది వజ్రమ్మే. బోనమెత్తినప్పుడు ఆడవాళ్లంతా ఆ వేలు అలాగే వంచుతారు.

పెట్రోలు సీసా మెల్లగా కిందికి దిగింది.

“నన్ను గడప తొక్కనియ్యని ఊర్లల్ల నాకే దీపం పెడ్తున్నరా?” నర్సక్క నవ్వింది. “తెల్వకపాయె. తెలిస్తే పుస్తకంల ఇంకో పేజీ రాద్దును.”

సరిత కొంగు నోట్లో కుక్కుకుంది.

“నవ్వులు తర్వాత,” అన్నాడు ఎస్సై. “మనిషి ఫోటో దేవుని పటం ఎట్లయింది? నర్సక్కా, ఎవరికిచ్చినవ్?”

“రెండే కాపీలు తీయించిన సార్. నా కాపీ అట్ట మీదేసిన. రెండోది మనసిచ్చినోనికే ఇచ్చిన. పేరు చెప్ప. పుస్తకంల గూడ రాయలే. మాటంటే మాటే.”

కొంగు లాగుతున్న చెయ్యి కొంగును వదిలేసింది.

“పోనీ నువ్వు చెప్పమ్మా,” ఎస్సై వజ్రమ్మ వైపు తిరిగాడు. “ఇన్ని ఊర్లను మోసం చేసినోడు ఎవడో తేలాలె. తల్లి మీ ఇంటికి ఎట్ల వచ్చింది? ఈమె ఎల్లమ్మ అని నీకు చెప్పిందెవరు?”

వజ్రమ్మ అలవాటుగా సరిత వైపు చూసింది. ఈసారి అందించడానికి సరితకు ఏమీ తెలియదు.

వజ్రమ్మ పటాన్ని నర్సక్క చేతుల్లో పెట్టింది. కొంగు నడుముకు బిగించింది.

“రాస్కో సారూ, గీ ఫోటువ నేను ఉతకనీకి తీసిన అంగీ జేబుల దొరికింది, ఇదెవ్వతె అని అడిగితే ‘ఎల్లమ్మ తల్లి’ అని చెంపలేసుకున్నోడు మొగిలయ్య!”